సైటు మైనస్ 5, పైగా సిలిండర్: కాయకింగ్‌కి, ఈతకి, స్కూబాకి ఒకే కళ్ళజోడు కుదురుతుందా?

మియాపూర్_మసకచూపు

నమస్కారమండీ. నీళ్ళ ఆటలు ఆడేవాళ్ళలో కళ్ళజోడు ఉన్నవాళ్ళెవరైనా ఉంటే కాస్త దారి చెప్పండి.

నాకు ఏడో తరగతి నుంచీ సైటు. ఇప్పుడు 38 ఏళ్ళు. కుడి కన్ను మైనస్ 5.25, సిలిండర్ (అడ్డంగా, నిలువుగా చూపు ఒకేలా లేనందుకు వేసే పవర్) మైనస్ 0.50. ఎడమ కన్ను మైనస్ 4.00, సిలిండర్ మైనస్ 1.75. జోడు తీస్తే ఎదురుగా ఉన్నది మా ఆయనో, హ్యాంగరుకి వేలాడుతున్న ఆయన చొక్కానో చెప్పలేను.

గత జనవరిలో ఆఫీసు స్నేహితులతో వికారాబాద్ అవతల కోట్‌పల్లి రిజర్వాయర్‌కి వెళ్ళాను. కాయక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) ఎక్కడం అదే మొదటిసారి. గంటసేపు బ్రహ్మాండంగా నడిచింది. తిరిగొస్తూ తెడ్డుకి చుట్టుకున్న నాచు తీద్దామని వంగాను. ముక్కంతా చెమట, జోడు జారింది. ‘బుడుంగ్’మని చిన్న చప్పుడు, అంతే. మూడు వారాల ముందే 7,800 పెట్టి చేయించుకున్నది. వెనక సీట్లో ఉన్న అమ్మాయి ‘కుడికి, ఇంకా కుడికి’ అని చెబుతుంటే ఎలాగో ఒడ్డు చేరాను. దారిలో అనంతగిరి కొండలు ఎంత బాగున్నాయో అందరూ చెప్పుకుంటుంటే విన్నాను.

అంత జరిగినా కాయక్ మీద మోజు పోలేదు. వేసవిలో మా పాపతో పాటు నేనూ ఈత నేర్చుకోవడానికి చేరాను. అక్కడ ఇంకో గొడవ. కోచ్ అవతలి గట్టు మీంచి చెయ్యి ఊపితే ఆగమన్నాడో రమ్మన్నాడో తెలియదు. మొన్న పక్కన ఉన్నది మా పాపే అనుకుని ‘నోరు మూసుకుని మునుగు’ అన్నాను. ఆవిడెవరో కొత్తగా చేరిన పెద్దావిడ. ఇప్పటికీ నాతో మాట్లాడట్లేదు.

ఇవి చాలవన్నట్టు మా ఆయన డిసెంబర్‌కి అండమాన్ టికెట్లు తీశారు. అక్కడి హేవ్‌లాక్ దీవిలో స్కూబా చేయాలట, అంటే వీపుకి గాలి ట్యాంకు తగిలించుకుని సముద్రం అడుక్కి దిగడం. అంత దూరం వెళ్ళి, అంత డబ్బు పోసి, చేపలకి బదులు రంగు మరకలు చూసి రావాలా?

ఒక ఆప్టికల్ షాపులో అడిగితే, ముఖానికి చుట్టుకునే స్పోర్ట్స్ ఫ్రేమ్ ఒకటి చూపించి, ‘పవర్‌తో చేసిస్తాం మేడమ్, 14,000, నీళ్ళలో అన్నిటికీ పనికొస్తుంది’ అన్నారు. ఇంకో షాపులో ‘ఇదంతా ఎందుకు, కాంటాక్ట్ లెన్స్ పెట్టేసుకోండి’ అన్నారు. ఎవరి మాట నమ్మాలి? నిజంగా ఒకటే జోడు అన్నిటికీ కుదురుతుందా?

వాల్తేరు_బాబాయ్

అమ్మా, ఒకే జోడు కుదరదు. ఆ ప్రయత్నంలో బంగాళాఖాతానికి మూడు జోళ్ళు సమర్పించుకున్నవాణ్ణి, నా మాట విను.

నాకు 63 ఏళ్ళు, రెండు కళ్ళూ మైనస్ 6. పోర్టులో పనిచేసి రిటైరయ్యాను. పదేళ్ళుగా రుషికొండలో కాయక్ నడుపుతున్నాను, ఏడాదికి నాలుగైదు సార్లు డైవింగ్‌కి వెళ్తాను. ఈ మూడింటిలోనూ కన్ను ఉండే చోటు వేరు. కాయక్‌లో కన్ను నీటికి పైన ఉంటుంది. ఈతలో నీటిలో ఉంటుంది. స్కూబాలో అడుక్కి పోతుంది. చోటు మారితే సామాను మారాల్సిందే.

స్కూబా గురించి ముందు చెబుతాను, ఎందుకంటే మిగతా రెండిట్లో పొరపాటు చేస్తే డబ్బే పోతుంది, ఇందులో కంటికే దెబ్బ. పవర్ ఉంది కదా అని ఈత గాగుల్స్ పెట్టుకుని లోతుకి దిగకూడదు. 10 మీటర్లు దిగేసరికి ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు అవుతుంది. కళ్ళ ముందు ఉన్న గాలి కుంచించుకుపోయి, రబ్బరు కప్పు కంటిని బయటికి పీలుస్తుంది. డైవింగ్ మాస్కు ముక్కుని కూడా కప్పుతుంది చూడు, అది అందుకే. దిగుతూ ముక్కుతో కాస్త కాస్త గాలి వదిలితే లోపల ఒత్తిడి సరిపోతుంది. గాగుల్స్‌లో ముక్కు బయట ఉంటుంది, గాలి పంపే దారే లేదు. నేను కుర్రతనంలో ఈ తెలివి లేక, లంగరు తాడు పట్టుకుని గాగుల్స్‌తో రెండు మూడు సార్లు దిగాను. అయిదారు మీటర్లే. పైకొచ్చేసరికి రెండు తెల్లగుడ్లలోనూ నెత్తురు చిమ్మినట్టు ఎరుపు. వారం రోజులు అలాగే ఉంది. తాగొచ్చాననుకుని మా ఆవిడ రెండు రోజులు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు.

మామూలు కళ్ళజోడు మాస్కు లోపల పెట్టుకోవడం కూడా కుదరదు. కాడలు మాస్కు అంచుని ఎత్తేస్తాయి, నీళ్ళు లోపలికి వచ్చేస్తాయి. కాబట్టి పవర్ మాస్కు అద్దంలోనే ఉండాలి. రెండు కిటికీల మాస్కు అని ఉంటుంది, ఒక్కో కంటికి ఒక్కో గాజు. ఆ గాజు తీసేసి మైనస్ గాజు బిగిస్తారు. రెడీమేడ్‌గా అరకి అర చొప్పున దొరుకుతాయి. 4, 4.5, 5 అలా. సిలిండర్ ఉండదు. సిలిండర్ కూడా కావాలంటే నీ ప్రిస్క్రిప్షన్ ప్రకారం కోయించి మాస్కు లోపల అతికించే పద్ధతి ఉంది, ఖర్చెక్కువ. ఏడాదికోసారి వెళ్ళేదానికి అది దండగ. డైవింగ్ వాళ్ళ దగ్గర చాలాచోట్ల అద్దెకిచ్చే మైనస్ మాస్కులు ఉంటాయి. వెళ్ళాక అడిగితే ‘అయ్యో, ఇప్పుడే ఇంకొకరు తీసుకున్నారు’ అంటారు. నీ రెండు కళ్ళ నంబర్లూ వాట్సాప్‌లో ఇప్పుడే పంపి, ఫలానా రోజుకి పక్కన పెట్టమని అడుగు.

ఇంకో ఊరట. మాస్కులోంచి చూస్తే నీళ్ళలో ఏదైనా ఉన్న దూరంలో ముప్పావు దూరానికే వచ్చినట్టు, మూడో వంతు పెద్దదై కనిపిస్తుంది. దగ్గరికి వచ్చినట్టు ఉంటుంది కాబట్టి మనలాంటి మైనస్ వాళ్ళకి పవర్ ఒక మెట్టు తక్కువైనా చేపలు బాగానే కనిపిస్తాయి. (చేప సైజు గురించి పైకొచ్చాక ఎవరు చెప్పినా నాలుగో వంతు కోసేసుకోవాలి, అది వేరే సంగతి.)

నాకు చత్వారం కూడా ఉంది. పూర్తి పవర్ మాస్కు పెట్టుకుంటే దూరంలో చేప కనిపిస్తుంది గానీ చేతిలో ఉన్న గేజి మీద గాలి ఎంత మిగిలిందో కనిపించదు. చూడాల్సింది రెండోదే కదా! అందుకని కుడి కంటికి 5.5, ఎడమ కంటికి 4 గాజు వేయించాను. కుడి కన్ను చేపలకి, ఎడమ కన్ను గేజికి. మొదటి పది నిమిషాలు తల తిరిగినట్టు ఉంది, తర్వాత అలవాటైపోయింది. నీకింకా ఆ వయసు రాలేదు, వచ్చినప్పుడు గుర్తు చేసుకో.

కాయక్‌కి మామూలు పవర్ కళ్ళజోడే చాలు, కానీ పోలరైజ్డ్ అద్దంతో. ఎండలో నీటి మీంచి వచ్చే తళతళ ఎక్కువగా అడ్డంగా కంపించే వెలుగు. పోలరైజ్డ్ అద్దం ఆ అడ్డపు వెలుగునే ఆపుతుంది. పెట్టుకోగానే నీటి మీద అద్దంలా మెరుస్తున్న పొర తీసేసినట్టయి, కింద రాయి ఉందో, వల తాడు ఉందో కనిపిస్తుంది. ఒకటే చిక్కు: ఫోను తిప్పి పట్టుకుంటే స్క్రీన్ నల్లగా అయిపోతుంది. నేను మొదటిసారి ఫోను పాడైందనుకుని ఒడ్డుకి తిరిగొచ్చేశాను.

ఇక తాడు. నా మూడో జోడుకి తాడు ఉంది. అల వచ్చింది, తాడు మెడలోనే ఉంది, జోడు లేదు. తాడు చివర రబ్బరు గొట్టం నా ఫ్రేము కాడకి వదులు. కొనేటప్పుడు నీ ఫ్రేమే తీసుకెళ్ళి, కాడకి ఎక్కించి గట్టిగా లాగి చూడు. ‘తేలే తాడు’ అని అమ్ముతారు. అది ఏ జోడునైనా తేలుస్తుందని నమ్మేయకు, ఇంట్లో బకెట్ నీళ్ళలో వేసి చూడు. మన మైనస్ అద్దాలు అంచుల దగ్గర లావు, బరువు.

గచ్చిబౌలి_గాలిపటం

అక్కా, ఇంత టెన్షన్ ఎందుకు? లేజర్ చేయించేసుకోండి. నాకు 4 ఉండేది, 2022లో చేయించాను. కళ్ళజోడు గోలే లేదు.

వాల్తేరు_బాబాయ్

బాబూ, నీకు బాగుంది, సంతోషం. ఆవిడ అడిగింది డిసెంబర్‌లో అండమాన్ గురించి. ఆపరేషన్ అన్నాక కార్నియా (నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర) మందం కొలవాలి, పవర్ స్థిరంగా ఉందో లేదో చూడాలి, అందరికీ చెయ్యరు. చేశాక కొన్ని వారాలు ఈతకొలను, సముద్రం వద్దంటారు. డైవింగ్‌కి ఎప్పుడు వెళ్ళాలో ఆ చేసిన డాక్టరే చెప్పాలి. టికెట్లు తీసేశాక తొందరపడి చేయించుకునే పని కాదు.

ఇంకో మాట, లేజర్ అయినవాడికి కూడా ఎండ ఎండే. మా జాలరిపేటలో నా ఈడు వాళ్ళని చూడు, ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదికి కండ పెరిగినవాళ్ళు ఎంతమందో. జీవితమంతా ఎండా, ఉప్పుగాలీ, నీటి మీంచి తిరిగొట్టే వెలుగూ. నువ్వు కూడా అల్ట్రావయొలెట్ ఆపే చలవద్దాలు పెట్టుకునే వెళ్ళు.

కాకినాడ_అద్దాలకొట్టు

మేడమ్ గారూ, 22 ఏళ్ళుగా కళ్ళజోళ్ళ వ్యాపారం. అమ్మేవాణ్ణే కాబట్టి మా వాళ్ళ మాటలు ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో నేను చెబితేనే బాగుంటుంది.

14,000 ఫ్రేము కాయకింగ్‌కి మంచిదే కావచ్చు. నీటిలోకి దిగితే అందులో ఏమీ ఉండదు. మన కంటి పవర్‌లో పెద్ద వాటా కార్నియాది, సుమారు 43 డయాప్టర్లు (మన సైటు నంబర్లు కొలిచేది కూడా ఇందులోనే). ఎదురుగా గాలి ఉంటేనే ఆ పవర్ పనిచేస్తుంది. నీరు తగిలితే దాదాపు అంతా పోతుంది. అందుకే సైటు లేనివాడు కూడా నీళ్ళలో కళ్ళు తెరిస్తే మసకే. ఈత గాగుల్స్ అయినా, మాస్కు అయినా చేసేది కంటి ముందు గాలి పొర నిలపడం. స్పోర్ట్స్ ఫ్రేము ఎంత చుట్టుకున్నా ఆ పని చెయ్యదు, నీళ్ళు లోపలికి వస్తాయి.

పైగా బాగా వంపు తిరిగిన ఫ్రేములో మైనస్ 5 వేస్తే పక్కలకి చూసినప్పుడు ఈడ్చినట్టు ఉంటుంది. అద్దం కంటికి వాలుగా నిలబడుతుంది కాబట్టి, లెక్క సరిచేసి కోయించాలి. ఆ లెక్క ల్యాబ్‌లో చేస్తారా అని అడగండి. ‘అదేంటి మేడమ్’ అంటే అక్కడ ఆ ఫ్రేము తీసుకోకండి. మీ పవర్‌కి నేనైతే వంపు తక్కువగా, చిన్న సైజులో, ముక్కు దగ్గర రబ్బరు పట్టు ఉన్న ఫ్రేము, పాలీకార్బొనేట్ అద్దం ఇస్తాను. తేలిక, దెబ్బ తగిలినా ముక్కలవదు. తెడ్డు ముఖానికి తగిలే ఆటలో గాజు అద్దం అసలొద్దు. ఎండకి నల్లబడే అద్దాలు అడుగుతారు చాలామంది. మన ఎండల్లో అవి వేడికి అనుకున్నంత నల్లబడవు, నీటి తళతళని కూడా ఆపవు. ఈ జోడులో మీ సిలిండర్ పూర్తిగా వేయించండి.

ఇప్పుడు ఈత గాగుల్స్. మీరు అడగకపోయినా లెక్క చెబుతాను, ఇక్కడే అందరూ తప్పు కొంటారు. రెడీమేడ్ గాగుల్స్‌లో సిలిండర్ ఉండదు. సిలిండర్‌లో సగం తీసుకుని అసలు పవర్‌కి కలపాలి. మీ కుడి కన్ను: 5.25కి 0.25 కలిపితే 5.50. ఎడమ కన్ను: 4.00కి సుమారు 0.87 కలిపితే 4.87. కుడికి 5.5 దొరికితే సరే, 5 అయినా ఇబ్బంది లేదు. ఎడమకి 4.5 తీసుకోండి, 5 వద్దు. మధ్యలో పడినప్పుడు తక్కువ వైపుకి రావాలి. మైనస్ ఎక్కువైతే కన్ను లోపల బిగబట్టి చూస్తుంది, గంట ఈత అయ్యాక తలనొప్పి. ఎడమ కంటికి సిలిండర్ 1.75 కాబట్టి గోడ గడియారంలో అంకెలకి కాస్త నీడ పడినట్టు ఉంటుంది. కోచ్ చెయ్యి మాత్రం తెలుస్తుంది.

రెండు కళ్ళకీ ఒకే పవర్ ఉన్న గాగుల్స్ కొనకండి. కుడి గిన్నె, ఎడమ గిన్నె, ముక్కు పట్టీ, తల పట్టీ విడివిడిగా అమ్మేవి ఉన్నాయి. ఏ కంటికి ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. బిగించాక కుడి గిన్నె బయటి అంచున నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టుకోండి. మాస్కులకి కూడా ఇదే లెక్క.

గాగుల్స్ లోపలి వైపు వేలితో తుడవొద్దు. ఆవిరి పట్టకుండా వేసిన పూత రెండు తుడుపులకే పోతుంది. ఈత అయ్యాక మంచినీళ్ళలో ముంచి నీడలో ఆరబెట్టండి. కాయకింగ్ జోడు కూడా అంతే. మన వైపు సముద్రానికి వెళ్ళొచ్చినవాళ్ళు ఉప్పు ఆరాక చీర చెంగుతో తుడిచేస్తారు. ఆ ఉప్పు పలుకులే గరుకు కాగితంలా గీతలు పెడతాయి. ముందు కడగాలి, తర్వాత తుడవాలి. కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి. వేసవికి నా దగ్గరికి వచ్చే ‘అద్దం పగుళ్ళు తీసింది’ ఫిర్యాదుల్లో సగం అవే, అద్దం కాదు పగిలింది, పైన పూత.

బెజవాడ_ఘాట్_మెట్లు

కాంటాక్ట్ లెన్స్ అన్న షాపు గురించి నేను చెప్పాలి.

2016 కృష్ణా పుష్కరాలు. అమ్మమ్మతో ఘాట్‌కి వెళ్ళాను. జనంలో కళ్ళజోడు పోతుందని తెలివిగా నెలవారీ మెత్తటి లెన్సులు పెట్టుకున్నాను. మూడు మునకలు వేశాను. సాయంత్రం లెన్సులు తీసి డబ్బాలో పెట్టి, పొద్దున మళ్ళీ అవే పెట్టుకున్నాను. నాలుగో రోజుకి కుడి కన్ను ఎర్రబడింది, వెలుగు చూడలేకపోయాను. మందుల షాపులో ఏదో చుక్కల మందు ఇచ్చాడు. మొదట చూపించిన క్లినిక్‌లో కళ్ళకలక అన్నారు. నొప్పి మాత్రం కళ్ళకలకలా లేదు, రాత్రి గోడకి తల కొట్టుకోవాలనిపించేది. రెండు వారాల తర్వాత పెద్ద కంటి ఆసుపత్రిలో కార్నియా పైపొర గీకి మైక్రోస్కోపులో చూసి అకాంతమీబా అన్నారు.

అది నీటిలో, మట్టిలో ఉండే ఏకకణ జీవి. లెన్సు కింద చేరి, ఒరుసుకున్న కార్నియాలోకి దిగుతుంది. గట్టి తొడుగు కట్టుకుని ఉంటుంది కాబట్టి మందులకి తేలిగ్గా లొంగదు. ఈతకొలనులో వేసే క్లోరిన్ ఉంది కదా అనుకోకండి, ఆ తొడుగుని నమ్మకంగా చంపలేదు. మొదటి రోజుల్లో రాత్రీ పగలూ గంటకోసారి చుక్కలు. అలారం పెట్టుకుని అమ్మ వేసేది. మొత్తం ఏడు నెలలు పట్టింది. నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ మిగిలింది, కళ్ళజోడు పెట్టినా ఆ కంటితో బోర్డు మీద పెద్ద అక్షరాలే.

నదిని నేనేమీ అనట్లేదు, ఇంట్లో కుళాయి నీళ్ళతో లెన్సు కడిగినా ఇదే రావచ్చని డాక్టరుగారు చెప్పారు. లెన్సుకి నీళ్ళు తగలకూడదు, అంతే. ఒకరోజు వాడి పారేసే లెన్సులు పెట్టి, పైన గాగుల్స్ బిగించి, బయటికి రాగానే తీసి పారేసేవాళ్ళు ఉన్నారు. ప్రమాదం తగ్గుతుందంటారు, పోతుందని ఎవరూ అనరు. మాస్కులో, గాగుల్స్‌లో పవర్ దొరుకుతున్నప్పుడు నేనైతే పెట్టుకోను.

మియాపూర్_మసకచూపు

బెజవాడగారూ, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా అమ్మ కార్తీకమాసంలో గోదావరి స్నానానికి పిలుస్తోంది, జోడు తీసేసి ఆవిడ చెయ్యి పట్టుకునే దిగుతాను.

కాకినాడగారూ, మీరు చెప్పిన లెక్కతో గాగుల్స్ తెప్పించాను, కుడికి 5.5, ఎడమకి 4.5. అన్నీ కలిపి 2,100 అయింది. నిన్న మొదటిసారి కొలను అడుగున నీలం పలకల మధ్య గీతలు చూశాను! కోచ్‌కి మీసాలు ఉన్నాయని కూడా నిన్ననే తెలిసింది. ఆ పెద్దావిడకి క్షమాపణ చెప్పాను, గాగుల్స్ చూపించి కారణం చెబితే నవ్వేసింది. ఆవిడకీ సైటేనట, మీ లెక్క ఆవిడకి రాసిచ్చాను.

హేవ్‌లాక్ వాళ్ళకి నంబర్లు పంపాను. 5.5, 4.5 గాజులు ఉన్నాయట, ఆ రోజుకి పక్కన పెడతామన్నారు. ఒక సందేహం: ఎడమ, కుడి మార్చి బిగిస్తే నాకు తెలుస్తుందా?

కాయక్ జోడు కూడా చేయించాను. పాలీకార్బొనేట్, పోలరైజ్డ్, గోధుమరంగు. బాబాయ్ గారూ, ఆ తేలే తాడు కట్టి బకెట్లో వేశాను. రాయిలా అడుక్కి పోయింది. పాప చప్పట్లు కొట్టింది.

వాల్తేరు_బాబాయ్

అమ్మా, పడవ ఎక్కకముందే ఒడ్డు మీద మాస్కు పెట్టుకుని ఒక్కో కన్నే మూసి దూరంలో ఏదైనా బోర్డు చదువు. కుడి కంటితో మరీ మసకగా ఉంటే మార్చి బిగించారన్నమాట. పడవ మీద చూసుకుంటే అప్పటికి గాజులు విప్పే పానాలు ఎక్కడున్నాయో ఎవరికీ దొరకవు. ఇంకొకటి, మాస్కు పట్టీ తలకి తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చు. చేతులు వదిలినా నిలబడితే అది నీ ముఖానికి సరిపోయినట్టు. పవర్ సరిపోయి సైజు సరిపోకపోతే నీళ్ళు తాగుతూ చేపల్ని చూడాలి.

తాడుకి ఇంకో బెండు ముక్క కట్టు. మా చిన్నప్పుడు బావిలో ఈత నేర్పడానికి నడుముకి బెండ్లు కట్టేవారు, అవే. అవి దొరక్కపోతే చెప్పుల అట్ట లాంటి ఫోమ్ ముక్క బొటనవేలంత తాడుకి గుచ్చు. చూడ్డానికి బాగోదు. తేలుతుంది.

మియాపూర్_మసకచూపు

పాప పాత హవాయి చెప్పు కోశాం. ఒక ముక్కకి మునిగింది, రెండు ముక్కలకి సగం మునిగింది, మూడో ముక్కకి తేలింది. గులాబీ రంగు. ఆదివారం కోట్‌పల్లి.